బాలింత కుక్క పథ్యం

కుక్క ఎన్ని కిలోలుండాలని నన్నెవరూ అడక్కండి. ఉద్యోగం నుంచి దిగిపోయి ఇన్నేళ్లయినా ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఈ మధ్యనే పశువైద్యురాలిగా చేరిన ఒకమ్మాయి మొన్న మా ఇంటికి వచ్చింది. పిల్లలు పెట్టిన చిన్నజాతి కుక్క ఒకటి తన దగ్గరికి వస్తోందట. ఎంత బరువుంటే సరి అని దాని యజమానులు ప్రాణం తోడేస్తున్నారట. పుస్తకంలో ఉన్న అంకె చెబితే ఊరుకోవడం లేదు, చెప్పకపోతే అసలే ఊరుకోవడం లేదని వాపోయింది. ఆ అమ్మాయికి టీ ఇచ్చి కూర్చోబెట్టి చెప్పిన సంగతే ఇక్కడ రాస్తున్నాను. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే మిగతావాళ్లకి కూడా పనికొస్తుందేమో చూడండి.

డెబ్బైల్లో నేను రాయగడ పశువుల ఆస్పత్రిలో ఉండేవాణ్ణి. అప్పటికి రాయగడ కొరాపుట్ జిల్లాలోదే. ఆస్పత్రి అంటే రెండు గదులూ, ఒక వరండా, ఎడ్లని కదలకుండా నిలబెట్టడానికి దుంగలతో కట్టిన బోనూ. నా పనంతా ఎడ్లతో, గేదెలతో, సంతకొచ్చే మేకలతో. తెగులొచ్చిన కాలంలో కోళ్లతో. కుక్క ఆస్పత్రి గుమ్మం తొక్కిందంటే అది ఎవరినో కరిచిందనో, దాన్ని ఇంకో కుక్క కరిచిందనో అర్థం.

మా కాంపౌండరుది గుణుపురం. నాకంటే వయసులో పెద్దవాడు. ఎంత పొగరుబోతు ఎద్దునైనా ఒక్క తాడుతో పడుకోబెట్టేవాడు. కుక్కని చూస్తే మాత్రం గది తలుపు వెనక్కి వెళ్లిపోయేవాడు. చిన్నప్పుడు వాళ్ల వీధిలో పిచ్చికుక్క కరిచిన మనిషి చావు చూశాడట. అది చూసినవాణ్ణి భయపడొద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకని కుక్కలొస్తే నేనే పట్టుకుని, నేనే సూది వేసుకునేవాణ్ణి.

మా ఆస్పత్రికి కాస్త దూరంలో రైల్వే క్వార్టర్లు. అందులో గూడ్సు బండి గార్డు ఒకాయన ఉండేవాడు. టెక్కలి దగ్గర పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. భార్య బడిలో టీచరు, భీమిలి వైపు మనిషి. గార్డు తల్లి కూడా వాళ్లతోనే ఉండేది. ఆ ఇంట్లో ఒక తెల్లటి బొచ్చు కుక్క, ఒళ్లో పట్టేంతది. దాని పేరు రాయను. రాస్తే ఆ ఇంటివాళ్లు ఎవరో రాయగడ పాతకాపులకి వెంటనే తెలిసిపోతుంది.

పిల్లలు పెట్టక ముందు ఆ కుక్క తప్పకుండా తగ్గాల్సిన కుక్క. నాలుగు అడుగులు వేస్తే ఆయాసపడేది. తిండి తగ్గించమని చెబితే టీచరమ్మ మొహం ముడుచుకుంది. "ఆరోగ్యంగా ఉన్నదాన్ని చూసి కళ్లలో నిప్పులు పోసుకుంటారేమిటండీ" అంది. ఆ రోజుల్లోనే గార్డు దాన్ని మామిడిపళ్ల బుట్టలో కూర్చోబెట్టి స్టేషన్లో పార్సిలాఫీసుకి తీసుకెళ్లి, బస్తాలు తూచే కాటా మీద పెట్టించాడు. అక్కడొచ్చిన అంకె టీచరమ్మకి ఎంతో నచ్చింది. తన కుక్క బరువు అదేనని, అది దేవుడు నిర్ణయించినదేనని ఆవిడ మనసులో ముద్ర పడిపోయింది.

తర్వాత అది అయిదు పిల్లల్ని పెట్టింది. అంత చిన్న ఒంటికి అయిదు ఎక్కువే.

పిల్లలు పుట్టిన వారానికి ఇంటిల్లిపాదీ వరండాలో ప్రత్యక్షమయ్యారు. కుక్క టీచరమ్మ చేతుల్లో ఉంది. ముసలమ్మ వెనకాల కొంగు కప్పుకుని నిలబడింది.

"చిక్కిపోయిందండీ," అంది టీచరమ్మ. "పాత తూకానికి రావాలంటే ఏం పెట్టాలో చెప్పండి."

"ఏటి సిక్కిపోడం?" అన్నాడు గార్డు. "ఇప్పుడే నాజూగ్గా అయింది. ముందు గుమ్మిడికాయలాగ ఉండేది. డాక్టరు గారు అప్పుడే సెప్పేరు కదా తగ్గించమని."

"అప్పుడు చెప్పింది వేరు, ఇప్పుడు వేరు," అన్నాను.

"అదే, ఎన్ని కిలోలుండాలి?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ముసలమ్మ ఏమీ అడగలేదు. అడగని మనిషిని కనిపెట్టుకుని ఉండాలని నాకు అప్పటికి తెలియదు.

కుక్కని బల్ల మీద పెట్టించి వాళ్లకి చూపించాను. ఇలాంటి బొచ్చు కుక్కని కంటితో చూస్తే ఏమీ తెలియదు. బొచ్చు కింద ఎముకలగూడున్నా బంతిలాగే కనిపిస్తుంది. కాటా కూడా అంతే. పాలతో బరువెక్కిన పొదుగునీ, అప్పుడే తాగిన నీళ్లనీ కలిపి తూచి, అంతా బాగుందంటుంది. చేత్తో చూడాలి. అరచేతిని చాపి, రెండో చేతి వేళ్లతో ఆ చేతి వెనకవైపు తడిమి చూడండి, ఎముకలు పలచటి చర్మం కింద తెలుస్తాయి. పక్కటెముకలు అలా తెలిస్తే కుక్క సరిగ్గా ఉన్నట్టు. పిడికిలి బిగించి కణుపుల మీద తడిమినట్టుంటే చిక్కిపోయినట్టు. అరచేతి కండలో తడిమినట్టు ఎముకలే దొరకకపోతే బలిసినట్టు. తర్వాత వెన్నుపూస, నడుము చూడాలి. పాలిచ్చే తల్లి కొంచెం తగ్గడం సహజం. పిల్లలు పాలు మానేసరికి మళ్లీ కోలుకోవాలి. గర్భానికి ముందున్న బరువుకి రావాలని అంటారు గానీ, ఆ బరువు సరైనదైతేనే ఆ మాట. వీళ్ల కుక్క పాత బరువు సరైనది కాదు.

ఇదంతా ఓపిగ్గా చెప్పాను. ఆ రోజుకి దాని పక్కటెముకలు బాగానే ఉన్నాయి. పిల్లలు పెరిగేకొద్దీ తల్లి తిండి రెట్టింపు, ఆపైన ఇంకా పెరగాలని, రోజుకి చాలాసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలని, గుడ్డు, పాలు, ఎండుచేపల పొడి కలిపిన అన్నం మంచిదని, నీళ్లు ఎప్పుడూ పక్కనే ఉండాలని చెప్పాను.

టీచరమ్మ అంతా విని, "అర్థమైందండీ. అయితే ఎన్ని కిలోలంటారు?" అంది.

ఆ తర్వాత నాకు మనశ్శాంతి లేదు. సంతలో కూరగాయలు కొంటుంటే గార్డు వెనక నుంచి భుజం తట్టి, "పార్సిలాఫీసులో తూసేం డాక్టరు గారూ, ఇంకా నాజూగ్గానే ఉంది," అనేవాడు. ఆదివారం చర్చి నుంచి తిరిగొస్తూ టీచరమ్మ మా గేటు దగ్గర ఆగి, "పెరగలేదండీ," అనేది. ఒకే కాటా, ఒకే అంకె. ఒకరికి అది సంతోషం, ఇంకొకరికి దిగులు. చేత్తో చూశారా అని అడిగితే ఇద్దరిలో ఎవరూ అవుననేవారు కాదు. ఆ కాటా బియ్యం బస్తాలకి పెట్టిందని, దాని మీద ఈ కుక్క తగ్గిందో పెరిగిందో తేలదని చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

ఒక మధ్యాహ్నం క్వార్టర్ల వైపు గేదెని చూడ్డానికి వెళ్లి, విసుగెత్తి నేనే వాళ్లింటికి వెళ్లాను. టీచరమ్మ బడికి వెళ్లింది. గార్డు బండి మీద ఉన్నాడు. ముసలమ్మ ఒక్కతే ఉంది. కుక్క మూలన గోనెపట్టా మీద పడుకుని ఉంది. అయిదు పిల్లలూ దాన్ని జలగల్లా పట్టుకుని పీలుస్తున్నాయి. వాటికేం, నిగనిగలాడుతున్నాయి. తల్లి మీద చెయ్యి వేశాను. పిడికిలి కణుపుల మీద వేసినట్టే ఉంది.

పక్కన పళ్లెం చూశాను. పొడిపొడిగా పాతబియ్యం అన్నం. దాంట్లో వెల్లుల్లి కారం. నీళ్ల గిన్నె అడుగున తడి మాత్రమే ఉంది.

"ఇదేమిటమ్మా?" అన్నాను.

"పత్యం బాబూ," అంది ముసలమ్మ, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

"గుడ్లూ పాలూ పెట్టమన్నాను కదా."

"పొద్దున్నా సాయంత్రం కోడలు ఎడతాది. నాను సూస్తే తీసీసి కారం కూడు ఎడతాను. బాలింతకి పాలెడితే సీము పడతాది. నీల్లు ఎక్కువిస్తే ఒల్లంతా నీరు కమ్ముతాది."

"అది కుక్కమ్మా."

"కుక్కయితే మాత్రం బాలింత కాదేటి?"

 అయినా చెప్పాను. గట్టిగానే చెప్పాను. ఈ తిండితో పిల్లలకి పాలెలా వస్తాయి, దాని ఎముకలే కరిగి పాలవుతున్నాయి, ఇలాగే సాగితే పోతుంది అన్నాను. ఆవిడ శ్రద్ధగా విని తలూపింది. నేను మెట్లు దిగి గేటు దాకా వచ్చి వెనక్కి చూస్తే, నేను నింపించిన నీళ్ల గిన్నెని మందారమొక్క మొదట్లో వంచేస్తోంది.

మర్నాడు గార్డుని పట్టుకున్నాను. ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు.

"మాయమ్మకి నాను సెప్పలేను డాక్టరు గారూ. మీరు సెప్పండి."

"నేను చెప్పాను. తలూపింది."

"నాకూ అలగే ఊపుతాది."

టీచరమ్మకి చెబితే ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. అత్తగారిని ఎదిరించి మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో లేదు. "రాత్రి నేనే దొంగతనంగా పెడుతున్నానండీ," అంది. ముగ్గురు పెద్దవాళ్లు ఒక కుక్కకి తిండి పెట్టే విషయంలో ఒకరికొకరు తెలియకుండా యుద్ధం చేస్తున్నారు. ఆ యుద్ధంలో ఎవరు గెలుస్తున్నారో తెలుసుకోడానికి అందరూ కలిసి పార్సిలాఫీసుకి వెళ్తున్నారు.

అలాంటి రోజుల్లో నాకు లక్ష్మీపూర్ వైపు పల్లెల్లో పశువులకి గొంతువాపు టీకాలు వేసే పని పడింది. ఎండలో కొండలెక్కి దిగి, పొద్దు వాలేవేళకి జీపులో తిరిగొస్తుంటే ఆస్పత్రి గేటు దగ్గర జనం కనిపించారు. వాళ్లలో ఒకడి చేతిలో వెదురు కర్ర ఉంది.

జీపు దిగుతుంటే టీ కొట్టువాడు ఒడియాలో "పాగలా కుకుర బాబూ, పాగలా కుకుర" అని అరిచాడు. పిచ్చికుక్కట. "ఒక్క దెబ్బ ఏసీమంటే ఆ టీచరమ్మ ఒప్పుకోడం లేదు" అన్నాడు కర్ర పట్టుకున్నవాడు తెలుగులో.

వరండాలో టీచరమ్మ తువ్వాలులో కుక్కని పెట్టుకుని కూర్చుని ఉంది. గార్డు డ్యూటీ మీద ఊళ్లో లేడు. ముసలమ్మ పక్కన నిలబడి ఉంది. కుక్క కాళ్లు నాలుగూ కర్రల్లా బిగిసిపోయి ఉన్నాయి. ఒళ్లంతా వణుకుతోంది. నోటి నుంచి సొంగ కారుతోంది. ఊపిరి కొలిమితిత్తిలా ఆడుతోంది. చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టుంది. పొద్దున్నించీ అటూ ఇటూ తిరిగి మూలిగిందట. నడుస్తూ నడుస్తూ కాళ్లు బిగిసి పడిపోయిందట.

పిచ్చి అనే అనుమానాన్ని నేనూ వెంటనే కొట్టి పారేయలేదు. కానీ టీచరమ్మ గొంతు వినగానే అది గుర్తుపట్టి ఆవిడకేసి కళ్లు తిప్పింది. పొదుగు చూశాను. పిల్లల వయసు లెక్క వేసుకున్నాను. చిన్న ఒళ్లు, ఎక్కువ పిల్లలు, ఎండిపోయిన తిండి. తల్లి రక్తంలో ఉన్న సున్నం, అంటే కాల్షియం, అంతా పాలలోకి వెళ్లిపోతే కండరాలు ఇలాగే బిగుసుకుంటాయి. బాగా పాలిచ్చే ఆవులకి వస్తే పడిపోతాయి, చిన్న కుక్కలకి వస్తే ఇలా వణుకుతాయి. మందు ఒకటే. నరంలోకి కాల్షియం. ఆవుల కోసం తెప్పించిన సీసాలు నా దగ్గరున్నాయి. ఆవుకి సీసా మొత్తం పట్టేది దీనికి కొద్దిగా చాలు. కానీ తొందరపడి ఎక్కిస్తే గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది. గుండె చప్పుడు వింటూ బొట్టు బొట్టుగా ఇవ్వాలి. అందుకు కుక్కని కదలకుండా ఎవరైనా పట్టుకోవాలి. మూతికి గుడ్డ కడదామంటే ఆ ఆయాసంలో ఊపిరాడదు.

కాంపౌండరు కేసి చూశాను. ఆయన అప్పటికే గది గుమ్మంలో ఉన్నాడు.

"నాను ముట్టనండి బాబూ. ఆ సొంగ సూడండి. ఆడపిల్లలున్నోణ్ణి."

"సీసా, సిరంజి తీసుకురండి. మీరు ముట్టక్కర్లేదు. ఆ కర్రవాణ్ణి మాత్రం లోపలికి రానివ్వకండి."

ఆయన అవి తెచ్చి బల్ల చివర పెట్టేసి, ఎద్దుని కట్టే తాడొకటి భుజాన వేసుకుని గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆయన నిలబడ్డ తీరు చూసి జనం ఒకడుగు వెనక్కి వేశారు.

టీచరమ్మని పట్టుకోమన్నాను. కుక్క వణికినప్పుడల్లా ఆవిడ పట్టు జారిపోతోంది. రెండుసార్లు సూది దించబోయి ఆగాను.

"ఇలగివ్వు అమ్మీ," అంది ముసలమ్మ.

కోడలి చేతుల్లోంచి కుక్కని తీసుకుని వరండా గచ్చు మీద బాసింపట్టు వేసి కూర్చుంది. ఒళ్లో పెట్టుకుంది. ముంజేతి నరం పైకి తేలేలా మోచేతి దగ్గర బొటనవేలితో ఎలా నొక్కాలో చూపించాను. అలాగే నొక్కింది. నేను బొచ్చు కత్తిరించాను. స్టెతస్కోపు గొట్టాలు నా చెవుల్లో ఉన్నాయి. దాని బిళ్లని ఆవిడే రెండో చేత్తో కుక్క గుండె మీద అదిమి పట్టింది. దాని నోరు ఆవిడ మణికట్టుకి బెత్తెడు దూరంలో ఉంది. ఆవిడ దానికేసి చూడనైనా లేదు.

సూది నరంలో దిగింది. మెల్లగా తోయడం మొదలుపెట్టాను.

"ఇది పిచ్చి కాదు," అంది ముసలమ్మ, ఎవరితోనూ కాకుండా. "ఇది బాలింత సంధి. నాను సూసేను."

నేను గుండె చప్పుడు వింటున్నాను. 

"మాయక్కకి ఇలగే వచ్చింది బాబూ. పురుడోసుకున్న తరవాత. కాల్లూ సేతులూ ఇలగే బిగిసీసేయి. ఇలగే ఒల్లో ఎట్టుకు కూకున్నాను నాను. అప్పటికి నాకు పెల్లి కూడా అవలేదు. ఎవలో మజ్జిగన్నం ఎట్టేరంట, పత్యం సెడిపోయి పోయిందన్నారు."

గుండె ఒక్క క్షణం తడబడింది. సిరంజి ఆపేశాను. ఆవిడ నా మొహం చూసి నోరు మూసుకుంది. చప్పుడు మళ్లీ దారిలో పడ్డాక తోశాను. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తోందనుకుంటాను.

ముందు దవడ సడలింది. తర్వాత మెడ. కాళ్లు ఒక్కొక్కటే మెత్తబడ్డాయి. సూది తీసేసిన కాసేపటికి కుక్క నాలుక చాపి ఆవిడ చెయ్యి నాకి, ఆవిడ చీర మీద ఉచ్చ పోసింది. గేటు దగ్గర జనం నవ్వారు. కర్రవాడు ఎప్పుడు వెళ్లిపోయాడో తెలియదు.

నేను ఈ ఇంటివాళ్ల కోసం ఒక పెద్ద తిట్లదండకం ఎన్నాళ్లుగానో సిద్ధం చేసుకుని ఉన్నాను. దానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. ముసలమ్మ తడిసిన చీరతో, ఒళ్లో కుక్కతో, నాకేసి చూస్తూ కూర్చుంది. తిట్లు పక్కనపెట్టి సిరంజి కడుక్కున్నాను. అక్క చనిపోయిందని ఎన్ని దశాబ్దాలుగానో మజ్జిగన్నం మీద కోపం పెట్టుకున్న మనిషి ఆవిడ. ఈ కుక్కని ఆవిడ ఎండబెట్టింది చంపడానికి కాదు, బతికించుకోడానికి.

"ఆ సూది అప్పుడుంటే మాయక్క బతికీదేనా బాబూ?" అంది.

"తెలియదమ్మా. మనుషులకొచ్చే సంధి వేరు, దీనికొచ్చింది వేరు. నేను పశువుల డాక్టర్ని. కానీ మజ్జిగన్నం వల్ల మాత్రం పోలేదు. అది ఖాయంగా చెప్పగలను."

ఆవిడ కుక్క వీపు నిమిరింది. తర్వాత, "ఐతే రేపట్నుంచి ఏటెట్టాలో నాకు సెప్పండి. కోడలికి సెప్పకండి. దానికి బెంగెక్కువ," అంది.

పిల్లల్ని ఒక రోజంతా తల్లి దగ్గరికి రానివ్వొద్దని, మేకపాలు దూదితో పట్టించమని, ఆ తర్వాత పలచటి జావకి అలవాటు చేసి తల్లి పాలు తగ్గించమని చెప్పాను. తల్లికి ఏం పెట్టాలో అంతకుముందు చెప్పిందే మళ్లీ చెప్పాను. ఈసారి ఆవిడ తలూపలేదు. ప్రతి మాటా తిరిగి నాకే అప్పజెప్పింది.

ఆ తర్వాత కుక్క తేరుకుంది. పథ్యం ఒక్కటే జబ్బుకి కారణమని నేను ఇప్పటికీ అనను. అంత చిన్న కుక్కకి అయిదు పిల్లలంటే మంచి తిండి పెట్టినా రావచ్చు. కానీ తిండి మారాక మళ్లీ రాలేదు. పిల్లలు పాలు మానే వేళకి పక్కటెముకలు సరిగ్గా ఎలా తెలియాలో అలా తెలిశాయి. నడుము కనిపించింది. ఆయాసం లేకుండా క్వార్టర్ల చుట్టూ పరిగెత్తింది. నా ఉద్యోగంలో అంత చక్కని ఒంటితో ఉన్న చిన్న కుక్కల్ని అరుదుగా చూశాను.

టీచరమ్మ దాన్ని బుట్టలో పెట్టుకుని పార్సిలాఫీసు నుంచి నేరుగా నా దగ్గరికే వచ్చింది. "పాత తూకానికి ఇంకా రాలేదండీ," అంది. నేను కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లి, బోనులో ఉన్న ఎద్దు దగ్గర కాసేపు నిలబడి వచ్చాను.

కొన్నాళ్లకి మా కాంపౌండరు కూతురు పురిటికి పుట్టింటికొచ్చింది. మగపిల్లాడు పుట్టాడు. ఒక ఉదయం కాంపౌండరు ఆస్పత్రికి ఆలస్యంగా వచ్చి, సంచీ బల్ల మీద విసిరేసి కూర్చున్నాడు.

"ఏటండీ బాబూ ఇది? ఆ గార్డు తల్లి మాయింటికొచ్చింది. మా గుంట పల్లెంలో కారం కూడు సూసి, ఇదేటని మాయావిడ మీద ఎగిరింది. పాలెట్టు, గుడ్డెట్టు, నీల్లు తాగనియ్యి అంటంది. డాక్టరు బాబు సెప్పేడంట."

"నేను మనుషుల గురించి చెప్పలేదే," అన్నాను.

"నానూ అదే అన్నాను. కుక్కకి ఎట్టమన్నది నా కూతురికి ఎట్టమంటావేటమ్మా అని అడిగేను."

"ఏమంది?"

"మీ గుంట కుక్కకన్నా కానిదేటి అంది."

నాకు నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు.

"ఇంతకీ ఏం పెట్టారు?" అన్నాను.

కాంపౌండరు సంచీలోంచి మందుల గది తాళంచెవి తీసుకుని లేచాడు.

"ఏటెడతాం. పాలూ గుడ్డూ ఎట్టీసేం," అన్నాడు. "అది తినీదాకా ఆవిడ మంచం కాడినుంచి కదిల్తేనా?"